మ్యూయాన్ లెక్కలో హాడ్రాన్ల వాటా: తేడా ఎక్కడ మొదలైంది?

2021 ఏప్రిల్ 7న ఒకే రోజు రెండు ఫలితాలు బయటికొచ్చాయి. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో మ్యూయాన్ అనే కణం అయస్కాంత బలాన్ని కొలిచే 'జీ మైనస్ 2' ప్రయోగం తన మొదటి విడత కొలతను ప్రకటించింది. సిద్ధాంతం చెప్పే విలువకూ కొలతకూ మధ్య 4.2 సిగ్మా తేడా ఉందన్నారు, అంటే రెండింటి అనిశ్చితికి 4.2 రెట్లు. కొత్త కణమో, కొత్త బలమో దొరికేసినంత హడావిడి జరిగింది. అదే రోజు నేచర్ పత్రికలో బీఎండబ్ల్యూ అనే బృందం రాసిన వ్యాసం అచ్చయింది. కణాల గురించిన ప్రామాణిక సిద్ధాంతమైన ఇదే స్టాండర్డ్ మోడల్‌ను పట్టుకుని, సూపర్ కంప్యూటర్ల మీద లెక్క వేసి, తేడా అంత లేదని అది చెప్పింది. మోడల్ ఒకటే, ప్రయోగం ఒకటే. సిద్ధాంతం వైపు అంకెలు మాత్రం రెండు.

నేను ఈ రంగంలో డేటా వైపు పనిచేసేవాణ్ని. ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు ఎన్ని హాడ్రాన్లు, అంటే క్వార్కులతో అయిన కణాలు, పుడుతున్నాయో కొలిచిన పట్టికలను ఒకచోట చేర్చి, వాటి నుంచి మ్యూయాన్ లెక్కలోకి వెళ్లే అంకెను తీయడం మా పని. ఈ కేసులో బోనెక్కింది ఆ అంకే. బలమైన కేంద్రక బలం, అంటే స్ట్రాంగ్ ఫోర్స్, ఒక సున్నితమైన లెక్కలోకి ఎక్కడ దూరుతుందో, దాన్ని లొంగదీయడానికి ఏం చేస్తామో, అసలు తేడా ఏ మెట్టు దగ్గర మొదలైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పద్దులు

మ్యూయాన్ ఎలక్ట్రాన్ లాంటి కణమే, బరువు మాత్రం దాదాపు 207 రెట్లు. దానికి ఛార్జి ఉంది, స్పిన్ ఉంది, కాబట్టి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ అయస్కాంత భ్రామకం ఎంతో చెప్పే సంఖ్యే 'జీ'. 1928 నాటి డిరాక్ సమీకరణం ప్రకారం అది సరిగ్గా 2 ఉండాలి. కానీ కణం చుట్టూ ఉన్న శూన్యం ఖాళీగా ఉండదు, అందులో ఫోటాన్లూ జంట కణాలూ పుడుతూ పోతూ ఉంటాయి. వాటి వల్ల జీ విలువ 2 కంటే కాస్త పెరుగుతుంది. ఆ పెరిగిన దాంట్లో సగాన్ని మేం లెక్క కడతాం. మొదటి సవరణను 1948లో ష్వింగర్ కట్టాడు: సుమారు 0.00116.

ఇక్కడి నుంచి అంకెలన్నీ 10⁻¹¹ యూనిట్లలోనే చెబుతాను, లేకపోతే సున్నాలతో పేజీ నిండిపోతుంది. 2020లో ఈ రంగంలోని వాళ్లందరూ కలిసి ఒక వైట్ పేపర్ వెలువరించారు. అందులోని పద్దులు ఇలా ఉన్నాయి. ఫోటాన్లు, ఎలక్ట్రాన్ వర్గపు కణాల వాటా, అంటే క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్, 11,65,84,718.9. దాని ఎర్రర్, అంటే అనిశ్చితి, 0.1 మాత్రమే. బలహీన బలం వాటా 153.6, ఎర్రర్ 1. ఫోటాన్ దారి మధ్యలో క్వార్క్ జంట పుట్టి మాయమయ్యే హాడ్రాన్ల వాక్యూమ్ పోలరైజేషన్ 6,845, ఎర్రర్ 40. ఫోటాన్లు హాడ్రాన్ల మీదుగా ఒకదాన్నొకటి చెదరగొట్టుకునే 'లైట్ బై లైట్' వాటా 92, ఎర్రర్ 18. అన్నీ కలిపితే 11,65,91,810, ఎర్రర్ 43.

మొత్తంలో స్ట్రాంగ్ ఫోర్స్ వాటా లక్షకు ఆరు వంతులు. ఎర్రర్‌లో మాత్రం దాదాపు అంతా దానిదే. మొదటి పద్దు కోసం కినోషితా బృందం అయిదో మెట్టు సవరణలో 12,672 ఫైన్మన్ చిత్రాలను లెక్కగట్టింది. అంత పని చేయగలిగిన రంగానికి, ఫోటాన్ మధ్యలో ఒక క్వార్క్ జంట పుట్టి మాయమయ్యే ఒక్క బుడగ కొరుకుడు పడలేదు.

కారణం పాతదే. ఎక్కువ శక్తి దగ్గర క్వార్కుల మధ్య బలం సన్నగిల్లుతుంది, తక్కువ శక్తి దగ్గర బిగుస్తుంది. ఈ సంగతి తేల్చినందుకే గ్రాస్, పొలిట్జర్, విల్‌చెక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. మ్యూయాన్ ద్రవ్యరాశి శక్తి యూనిట్లలో 105.66 ఎంఈవీ (వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ), కాబట్టి అది చూసేది బిగుసుకున్న చోటునే. అక్కడ ఒక సవరణ తర్వాత మరొకటి చిన్నదవుతూ పోతుందన్న భరోసా లేదు. క్వార్కులు విడిగా కనిపించవు, పయాన్లనే తేలికపాటి హాడ్రాన్లుగా, రో, ఒమేగా, ఫై అనే క్షణికమైన రెజొనెన్సులుగా కనిపిస్తాయి. పెన్నూ కాగితంతో సాగే లెక్క అక్కడ ఆగిపోతుంది.

కొలిచి తెచ్చిన 'సిద్ధాంతం'

దారి 1961 నుంచీ ఉంది. ఫలితం కారణం కంటే ముందు రాదన్న నియమం నుంచి ఒక డిస్పర్షన్ సంబంధం వస్తుంది. దాని ప్రకారం, ఆ బుడగ ప్రభావాన్ని మొత్తంగా తెలుసుకోవాలంటే, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఢీకొని హాడ్రాన్లుగా మారే క్రాస్ సెక్షన్, అంటే అలా జరిగే అవకాశం ఎంతన్నది, ప్రతి శక్తి దగ్గరా తెలిస్తే చాలు. దాన్ని ఒక వెయిట్‌తో గుణించి, కనిష్ఠ శక్తి నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేయాలి. ఆ వెయిట్ శక్తి పెరిగేకొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. అందుకే మొత్తంలో దాదాపు మూడొంతులు 1 జీఈవీ లోపల పుట్టే పయాన్ జంటల నుంచే, అంటే 775 ఎంఈవీ దగ్గరున్న రో శిఖరం చుట్టుపక్కల నుంచే వస్తుంది.

బయటివాళ్లకు ఇది సరిగా చేరడం లేదని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. పత్రికల్లో 'సిద్ధాంతానికీ ప్రయోగానికీ తేడా' అని వచ్చినప్పుడల్లా, ఆ సిద్ధాంతపు అంకెలో కీలకమైన ముక్క నొవొసిబిర్స్క్, ఫ్రస్కాటి, స్టాన్‌ఫర్డ్, బీజింగ్‌లలోని డిటెక్టర్లు కొలిచినదేనన్న మాట ఎక్కడా ఉండదు. మేం పోల్చింది ఒక ప్రయోగాన్ని మరికొన్ని ప్రయోగాలతో.

ఆ ముడి పట్టికలు నేరుగా లెక్కలోకి పోవు. మొదట, ప్రచురించిన క్రాస్ సెక్షన్‌లో ఫోటాన్ తన దారిలో తానే పోలరైజ్ అయిన ప్రభావం కలిసి ఉందా, తీసేశారా అని చూడాలి. ఉంటే తీసేయాలి, లేకపోతే అదే వాటాను రెండుసార్లు కలిపినట్టవుతుంది. పయాన్లు పుట్టాక అవి విడుదల చేసే ఫోటాన్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది: దాన్ని తీసేసి ఉంటే మళ్లీ కలపాలి, ఎందుకంటే ఆ అంశం మ్యూయాన్ లెక్కలో భాగమే. పాత వ్యాసాల్లో ఈ రెండూ ఎలా చేశారో ఒక్కోసారి ఒక్క వాక్యంలో తేల్చేసి ఉంటారు. ఆ వాక్యాన్ని పది రకాలుగా చదువుకుంటూ కూర్చోవాలి. ఇక 782 ఎంఈవీ దగ్గర ఒమేగా ఉంది. దాని వెడల్పు 8 ఎంఈవీ చిల్లర. రో మీద అది కలబడి క్రాస్ సెక్షన్‌ను నిట్టనిలువుగా దించేస్తుంది. అక్కడ బిన్నులు వెడల్పుగా తీసుకుని బిందువుల మధ్య గీతలు గీసేస్తే ఇంటిగ్రల్ కదిలిపోతుంది.

ఎంత సూక్ష్మంగా ఉండాలంటే, ఫెర్మీల్యాబ్ చివరకు చేరిన ఎర్రర్ దాదాపు 15 యూనిట్లు. దానికి సరితూగాలంటే 7,000 దగ్గరున్న మా అంకెను 0.2 శాతం లోపు పట్టుకోవాలి. 2020 వైట్ పేపర్‌లో మాది 0.6 శాతం.

రెండు డిటెక్టర్లు, ఒకటే శిఖరం

పయాన్ జంటలను కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, కొలైడర్ శక్తిని కొద్దికొద్దిగా మారుస్తూ ఒక్కో శక్తి దగ్గర లెక్కపెట్టడం. నొవొసిబిర్స్క్‌లో అలా చేస్తారు. రెండోది, కొలైడర్‌ను ఒకే శక్తి దగ్గర ఉంచి, ఢీకొనే ముందు ఎలక్ట్రానో పాజిట్రానో ఒక ఫోటాన్‌ను వదిలేసిన సంఘటనలను ఏరుకోవడం. ఫోటాన్ ఎంత శక్తి పట్టుకుపోతే ఢీ అంత తక్కువ శక్తితో జరిగినట్టు లెక్క. ఫ్రస్కాటిలోని క్లో 1.02 జీఈవీ దగ్గర, స్టాన్‌ఫర్డ్‌లోని బాబార్ 10.6 జీఈవీ దగ్గర ఈ పద్ధతినే వాడాయి. రెండూ రో ప్రాంతంలో ఒక శాతం కంటే మెరుగైన కొలతలమని చెప్పాయి. కానీ శిఖరం మీదా, దాని అవతలి వైపూ రెండూ కలవవు, బాబార్ పైన ఉంటుంది, క్లో కింద ఉంటుంది. ఆ ఎడం రెండింటి ఎర్రర్‌ల కంటే పెద్దది.

రెండింటిలో ఏది తప్పో చెప్పలేనప్పుడు సగటు తీస్తారు. సగటు అనగానే ఇంకేముంది, కలిపి భాగించడమేగా అనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1994లో డాగొస్టీని చూపించిన ఉదాహరణ ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లందరికీ చెబుతుంటాను. ఒకే రాశిని రెండుసార్లు కొలిచారు: 8.0, 8.5. ఒక్కోదానికీ విడిగా 2 శాతం ఎర్రర్ ఉంది. రెండింటికీ ఉమ్మడిగా 10 శాతం నార్మలైజేషన్ ఎర్రర్ ఉంది, అంటే ఒకటి పైకి జరిగితే రెండోదీ జరుగుతుంది. ఉమ్మడి ఎర్రర్ లేకపోతే సగటు 8.235. ఆ ఉమ్మడి ఎర్రర్‌ను మామూలు కోవేరియన్స్ మాట్రిక్స్‌లో, అంటే ఎర్రర్‌లు ఎలా కలిసి కదులుతాయో చెప్పే పట్టికలో, పెట్టి ఫిట్ చేస్తే వచ్చేది 7.87. రెండు కొలతల కన్నా కిందికి! లెక్కలో పొరపాటేమీ లేదు. ఉమ్మడి ఎర్రర్‌ను కొలిచిన అంకెలో శాతంగా తీసుకున్నాం కాబట్టి, చిన్న అంకెకు చిన్న ఎర్రర్ వచ్చింది. ఇక ఫిట్ మొత్తాన్నీ కిందికి గుంజి ఆ 0.5 తేడాను నార్మలైజేషన్ మీదికి తోసేసింది.

మా దగ్గర ఉన్నవి రెండు బిందువులు కాదు, వందల బిందువులు. ఒక్కో ప్రయోగంలో లూమినోసిటీ, ట్రిగ్గర్, రేడియేషన్ సవరణలు ఇలా ఉమ్మడి ఎర్రర్‌లు బోలెడు. కాబట్టి కోవేరియన్స్‌ను కొలిచిన విలువలతో కాకుండా ఫిట్ ఇచ్చిన విలువలతో కట్టి, మళ్లీ ఫిట్ చేసి, అది కదలకుండా నిలిచేదాకా తిప్పుతాం. ఉమ్మడి ఎర్రర్ ఒక శక్తి నుంచి పక్క శక్తికి పూర్తిగా కలిసి కదులుతుందా, కొంతవరకేనా అన్నదాన్ని ప్రయోగం వాళ్లు ఎప్పుడూ పూర్తిగా చెప్పరు, చెప్పలేరు కూడా. ఆ ఊహను బట్టి ఒకే డేటా నుంచి రెండు బృందాలు వేర్వేరు సగటులు తీయగలవు, తీశాయి కూడా. మొత్తం అంకె దగ్గర దగ్గరగా వచ్చినా, చానెల్ వారీగా చూస్తే తేడాలు బయటపడేవి.

2020 వైట్ పేపర్‌ను రాసినవాళ్లు దీన్ని దాచలేదు. క్లోను పక్కన పెడితే ఒక అంకె, బాబార్‌ను పక్కన పెడితే ఒక అంకె, వాటి మధ్య ఎడం దాదాపు 55. అందులో సగం, 28, అదనపు ఎర్రర్‌గా చేర్చారు. డేటా నుంచి వచ్చిన ఎర్రర్ కూడా 28. రెండింటినీ వర్గాలుగా కలిపితే 40 వచ్చింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అప్పటి పరిస్థితిలో అది ఒప్పుకోదగిన మర్యాద, కానీ అది ఎర్రర్ కాదు. రెండు ప్రయోగాల్లో కనీసం ఒకదాంట్లో మనకు తెలియని లోపం ఉందన్నప్పుడు, నిజమైన విలువ వాటి మధ్యలోనే ఉండాలని ఎక్కడా లేదు. ఆ రెండింటి కన్నా పైనే ఉండవచ్చు. ఆ 40ని సిగ్మాల లెక్కలో హారంలో పెట్టి, ప్రయోగానికీ సిద్ధాంతానికీ ఉన్న 251 తేడాను, రెండింటి ఎర్రర్‌లూ కలిపిన 59తో భాగించి 4.2 అని చెప్పినప్పుడు, మన అజ్ఞానాన్ని కూడా గాసియన్‌గా, అంటే మామూలు గంట ఆకారపు ఎర్రర్‌లా, పరిచినట్టయింది.

లాటిస్ వైపు నుంచి

బీఎండబ్ల్యూ దారి వేరు. అందులో ఏ కొలైడర్ పట్టికా లేదు. స్థలకాలాన్ని గళ్లుగా కోసి, గళ్ల మీద క్వార్క్, గ్లూవాన్ క్షేత్రాలను కంప్యూటర్‌లో నడిపి, రెండు విద్యుత్ ప్రవాహాల మధ్య సంబంధం కాలంతో ఎలా తగ్గుతుందో చూసి, దానికి ఒక వెయిట్ ఇచ్చి కలుపుతారు. వినడానికి శుభ్రంగా ఉంటుంది. కష్టాలు వేరే చోట ఉన్నాయి. కాలం దూరమయ్యేకొద్దీ సిగ్నల్ నాయిస్‌లో మునిగిపోతుంది. గళ్ల సైజును మీటర్లలోకి మార్చడానికి ఏదో ఒక హాడ్రాన్ ద్రవ్యరాశి కావాలి, వాళ్లు ఒమేగా బేరియాన్‌ను (రో పక్కనున్న ఒమేగా కాదు) వాడారు. ఆ కొలబద్దలో ఒక శాతం తప్పితే జవాబులో దాదాపు రెండు శాతం తప్పుతుంది. పెట్టె చిన్నదైతే రెండు పయాన్లు అందులో స్వేచ్ఛగా తిరగలేవు. అందుకని మామూలుగా 6 ఫెర్మీల (ఒక ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటర్లు) పెట్టెల్లో పనిచేస్తూ, సవరణ కోసం 11 ఫెర్మీల దాకా వెళ్లారు. అప్, డౌన్ క్వార్కుల ద్రవ్యరాశులు వేరవడం, క్వార్కులకు ఛార్జి ఉండడం, ఇలాంటి ఒక శాతం ప్రభావాలను కూడా వదిలేయడానికి లేదు.

వాళ్లకు వచ్చిన మొదటి మెట్టు వాటా 7,075, ఎర్రర్ 55. వైట్ పేపర్‌లో అదే పద్దు 6,931, ఎర్రర్ 40; పై మెట్ల సవరణలు కలిపాకే అది మొదట చెప్పిన 6,845 అయింది. లాటిస్ అంకెను పెడితే ఫెర్మీల్యాబ్, అంతకుముందు ఇదే కొలత చేసిన బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌ల సగటుతో తేడా 251 నుంచి 107కి పడిపోతుంది, అంటే 1.5 సిగ్మా.

అప్పట్లో మా వైపు నుంచి వచ్చిన మొదటి స్పందన అనుమానమే. ఒకే బృందం, ఒకే రకమైన లాటిస్ పద్ధతి, కాబట్టి ఎవరైనా మళ్లీ చేసి చూపించాలి. అందుకు దారి ఆర్‌బీసీ, యూకేక్యూసీడీ బృందం 2018లోనే ప్రతిపాదించిన 'విండో'. మొత్తం జవాబు కోసం పోట్లాడకుండా, కాలంలో 0.4 నుంచి 1.0 ఫెర్మీ దాకా (కాంతి అంత దూరం పోవడానికి పట్టే కాలం) ఉన్న ముక్కను మాత్రమే తీసుకుంటారు. అంతకంటే దగ్గరైతే గళ్ల సైజు ఇబ్బంది పెడుతుంది, దూరమైతే నాయిస్, పెట్టె సైజు ఇబ్బంది పెడతాయి. మధ్యలో రెండూ తక్కువ. అదే ముక్కను డేటా నుంచి కూడా లెక్కగట్టవచ్చు, వెయిట్ మారుతుంది అంతే.

ఈ కేసులో మలుపు తిప్పింది ఆ చిన్న ముక్కే. డేటా నుంచి 2,294, ఎర్రర్ 14. బీఎండబ్ల్యూ నుంచి 2,367, ఎర్రర్ 14. ఆ తర్వాత మైంజ్ బృందం, యూరోపియన్ ట్విస్టెడ్ మాస్ బృందం, ఆర్‌బీసీ-యూకేక్యూసీడీ వేర్వేరు పద్ధతుల్లో చేశాయి. అన్నీ 2,355 నుంచి 2,375 మధ్యలోనే వాలాయి. గళ్ల మీద క్వార్కులను రాసే తీరు ఒక్కో బృందానిది ఒక్కో రకం, అయినా కలిశాయి. దీంతో లాటిస్‌లో ఏదో ఒక బృందం తప్పు చేసిందన్న వాదనకు చోటు లేకుండా పోయింది. ఇక మిగిలింది మా పట్టికలు.

మధ్యలో ఇంకో భయం కూడా వినిపించింది. ఇదే క్రాస్ సెక్షన్ డేటా జెడ్ బోసాన్ శక్తి దగ్గర ఆల్ఫా, అంటే విద్యుదయస్కాంత బలం ఎంతో చెప్పే సంఖ్య, విలువను కూడా నిర్ణయిస్తుంది కదా, దాన్ని పెంచితే డబ్ల్యూ బోసాన్ ద్రవ్యరాశి, మిగతా ఎలక్ట్రోవీక్ కొలతలు చెడిపోవా అని. పెంచేది ఎక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ ఇంటిగ్రల్‌లో వెయిట్ వేరు, అందులో ఎక్కువ శక్తుల ప్రభావమే ఎక్కువ. మార్పు 1 జీఈవీ లోపలే ఉంటే ఎలక్ట్రోవీక్ ఫిట్ పెద్దగా కదలదు. కాబట్టి అనుమానం మళ్లీ రో శిఖరం దగ్గరికే వచ్చింది.

సీఎండీ-3

2023 ఫిబ్రవరిలో నొవొసిబిర్స్క్‌లోని వెప్-2000 కొలైడర్ నుంచి సీఎండీ-3 ఫలితం వచ్చింది. శక్తిని మార్చుకుంటూ పోయే పద్ధతి, రో దగ్గర 0.7 శాతం సిస్టమాటిక్ ఎర్రర్. అది క్లో కన్నా, బాబార్ కన్నా, ఆ సంస్థలోనే పాత యంత్రం మీద చేసిన సీఎండీ-2 కన్నా కూడా పైన ఉంది. మ్యూయాన్ లెక్కలో పాత పట్టికల బదులు దీన్ని ఒక్కదాన్నే పెడితే ఫెర్మీల్యాబ్‌తో తేడా చాలావరకు కరిగిపోతుంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ తర్వాత ప్రతి బృందమూ తన పాత విశ్లేషణను తిరగేసింది. సీఎండీ-3 వాళ్లు ఎలా చేశారో దగ్గరగా చూస్తే రెండు విషయాలు నాకు ఆసక్తిగా అనిపించాయి. ఒకటి, పయాన్లను ఎలక్ట్రాన్ల నుంచి, మ్యూయాన్ల నుంచి విడదీసే పని. ట్రాకర్‌లో ద్రవ్యవేగంతో ఒకసారి, కెలోరీమీటర్‌లో వదిలిన శక్తితో ఇంకోసారి, కోణాల పంపిణీతో మూడోసారి విడిగా చేశారు. మూడూ 0.2 శాతం లోపల కలిశాయి. రెండోది, ముందుకీ వెనక్కీ పోయే పయాన్ల సంఖ్యలో తేడా. పయాన్‌ను బిందువులా తీసుకుని కట్టిన పాత సవరణ సూత్రం వాళ్ల డేటాతో ఒక శాతం వరకు కలవలేదు. పయాన్‌కు లోపలి నిర్మాణం ఉందన్న సంగతిని రేడియేషన్ సవరణలోకి తెచ్చాక కలిసింది. పయాన్ బిందువు కాదని అందరికీ ఎప్పటినుంచో తెలుసు. సవరణ చిన్నదే కదా, బిందువుగా తీసుకుంటే సరిపోతుందిలే అనుకున్నారు. లక్ష్యం 0.2 శాతమైనప్పుడు అలా అనుకోవడానికి వీల్లేదు.

ఫోటాన్ వదిలే పద్ధతి వైపు కూడా ఇలాంటిదే బయటపడింది. ఒకటి కాకుండా రెండో ఫోటాన్, మూడో ఫోటాన్ వెలువడిన సంఘటనలు ఎన్ని ఉన్నాయో బాబార్ తన పాత డేటాలో నేరుగా లెక్కపెట్టి 2023లో ప్రచురించింది. చాలామంది వాడే ఫోఖారా అనే సిమ్యులేషన్ ప్రోగ్రామ్ చిన్న కోణాల్లో అదనపు ఫోటాన్లను డేటా కన్నా ఎక్కువగా చూపుతోందని తేలింది. ఆ ప్రోగ్రామ్ మీద ఎంత ఆధారపడ్డారన్నది ప్రయోగానికి ప్రయోగానికి మారుతుంది. బాబార్ మ్యూయాన్ జంటలను కూడా పక్కనే కొలిచి నిష్పత్తి తీసింది కాబట్టి దెబ్బ తక్కువ తగులుతుందని ఒక వాదన. పాత క్లో విశ్లేషణల్లో అలా కాదు. ఇదే అసలు కారణమా అంటే, ఎడం మొత్తాన్ని దీని మీదికి నెట్టేయడం తొందరపాటు అవుతుంది. సీఎండీ-3కీ సీఎండీ-2కీ తేడా ఎందుకో ఇది చెప్పదు, ఆ రెండింటిలో ఈ పద్ధతే లేదు.

చిన్న పద్దులో పెద్ద మలుపు

లైట్ బై లైట్ పద్దును ఇంతసేపూ పక్కన పెట్టాను. దానిది 92 యూనిట్ల వాటానే, కానీ ఈ రంగం చరిత్రలో అందరూ గుర్తుంచుకోవాల్సిన కథ దాని దగ్గరే జరిగింది. 1990లలో రెండు బృందాలు విడివిడిగా ఈ వాటాను కట్టి, రెండూ రుణ విలువే చెప్పాయి. 2001 ఫిబ్రవరిలో బ్రూక్‌హేవెన్ ప్రయోగం 2.6 సిగ్మా తేడా ప్రకటించినప్పుడు వాడింది ఆ విలువనే. అదే ఏడాది చివర్లో మార్క్ నెక్ట్, ఆండ్రియాస్ నిఫెలర్ లెక్కను విడిగా కట్టి, గుర్తు తిరగబడిందని చూపించారు. వాటా ధనాత్మకం. తేడా 1.6 సిగ్మాకు దిగిపోయింది.

హయకావా, కినోషితా తమ లెక్కలో లోపం ఎక్కడుందో వెతికి ప్రచురించారు. బీజగణితం చేసిపెట్టే ఫార్మ్ అనే ప్రోగ్రామ్‌లో ఎప్సిలాన్ టెన్సర్‌ను రెండుసార్లు గుణిస్తే ఏ గుర్తు రావాలన్నదానికి ఒక నిర్వచనం ఉంది. అది మన స్థలకాలపు మెట్రిక్‌ను పట్టించుకోదు. ఆ విషయం గమనించక గుర్తు మారిపోయింది. రెండు బృందాలు కలిశాయి కాబట్టి సరైనదే అన్న నమ్మకం అంతకాలం దాన్ని కాపాడింది. లాటిస్ బృందాలు విండో దగ్గర కలిసినప్పుడు కూడా నేను ముందు అడిగింది, ఎన్ని బృందాలు కలిశాయి అని కాదు, వాళ్ల మధ్య ఉమ్మడిగా ఏముంది అని. గళ్ల రూపం వేరు, స్కేల్ పెట్టుకున్న తీరు వేరు, కోడ్ వేరు. అది చూశాకే నా అనుమానం డేటా వైపు మళ్లింది.

2025 నాటికి

2025 మేలో రెండో వైట్ పేపర్ వచ్చింది. వాక్యూమ్ పోలరైజేషన్ మొదటి మెట్టు పద్దుకు కొలైడర్ డేటాను వాడకుండా లాటిస్ సగటునే తీసుకున్నారు: 7,132, ఎర్రర్ 61. కారణం స్పష్టంగా చెప్పారు. సీఎండీ-3 వచ్చాక పయాన్ పట్టికల మధ్య ఎడం సగటు తీయడానికి వీల్లేనంత పెరిగింది. లైట్ బై లైట్ వాటా సుమారు 115కి పెరిగి, ఎర్రర్ 10కి తగ్గింది. మొత్తం 11,65,92,033, ఎర్రర్ 62. అయిదేళ్ల పని తర్వాత సిద్ధాంతపు ఎర్రర్ 43 నుంచి 62కి పెరిగింది. కొందరికి ఇది వెనకడుగులా కనిపించింది. నాకైతే ఈ మొత్తం కేసులో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న అంకె అదే.

జూన్ 3న ఫెర్మీల్యాబ్ చివరి ఫలితం వచ్చింది. బ్రూక్‌హేవెన్‌తో కలిపిన సగటు 11,65,92,071.5, ఎర్రర్ 14.5, అంటే కోటికి ఒకటి పైచిలుకు కచ్చితత్వం. తేడా 38, దాని మీద ఎర్రర్ 63. కొత్త భౌతికశాస్త్రానికి ఆధారం లేదు, లేదని తేల్చడానికీ చాలదు. ప్రయోగం సిద్ధాంతం కన్నా నాలుగు రెట్లు సూక్ష్మంగా ఉంది, కాబట్టి బంతి మా వైపే ఉంది.

మా వైపు ఇప్పుడు చేస్తున్నది, సగటు తీయడం మానేసి ఎడాన్ని వెతకడం. కొత్త రేడియేషన్ ప్రోగ్రామ్‌లను రాసి ఒకదాంతో ఒకటి సరిచూస్తున్నారు. పాత డేటాను కొత్త పద్ధతుల్లో, జవాబు కనిపించకుండా బ్లైండ్ చేసి మళ్లీ విశ్లేషిస్తున్నారు. మ్యూయాన్ కన్నా బరువైన టావ్ కణం విఘటనం నుంచి పయాన్ జంటలను తీసుకునే పాత దారి మళ్లీ తెరుచుకుంది. అది బాబార్, సీఎండీ-3 వైపు మొగ్గుతుంది, కాకపోతే టావ్‌లో వచ్చే పయాన్లలో ఒకటి ఛార్జి లేనిది, దాన్ని సరిచేసే ఐసోస్పిన్ సవరణను ఎంత నమ్మాలన్నది ఇంకా చర్చలోనే ఉంది. సెర్న్‌లో మ్యూ-ఆన్-ఈ అనే ప్రయోగం 160 జీఈవీ మ్యూయాన్లను ఎలక్ట్రాన్ల మీదికి పంపి, చెదిరే కోణాల నుంచి ఇదే వాక్యూమ్ పోలరైజేషన్‌ను కొలవాలని చూస్తోంది. అందులో రో శిఖరం లేదు, రెజొనెన్సులే లేవు, నునుపైన వక్రరేఖ ఒక్కటే ఉంటుంది. దాని కష్టం వేరు: చెదరడాన్ని లక్షకు ఒక వంతు దాకా అదుపులో పెట్టాలి. అది పూర్తి స్థాయిలో నడిచేదాకా మా పట్టికల్లో క్లో, బాబార్, సీఎండీ-3 మూడు వేర్వేరు వరుసల్లోనే ఉంటాయి. కింద 'సగటు' అన్న గడిని ఖాళీగా వదిలేస్తున్నాం.